మేత షెడ్డులో రోటరీ ఇంజను

నేను ఏలూరులో ఒక బస్సు డిపోలో మెకానికల్ ఫోర్‌మన్‌గా ఉన్న రోజులవి. పదవీ విరమణకు ఇంకా ఏడాదిన్నర ఉంది. మే నెల మొదటి వారంలో డిపో మేనేజరు గారు నన్ను గదిలోకి పిలిచారు. దెందులూరు దాటి కొల్లేటి వైపు వెళ్తే ఒక ఊళ్లో తనకు తెలిసిన చేపల చెరువుల రైతు ఉన్నారని, ఆయన కారు స్టార్టు కావడం లేదని, ఆదివారం ఒకసారి వెళ్లి చూసి రమ్మని చెప్పారు. ఇలాంటి డ్యూటీకి రాతపూర్వకమైన ఉత్తర్వు ఉండదు, టీఏ ఉండదు, కాదనే వీలూ ఉండదు. సరేనన్నాను.

ఫోర్‌మన్ అంటే మెకానిక్కులకు పైన, ఇంజనీరుకు కింద. చేతికి గ్రీజు అంటుకునే పని తగ్గి, కాగితం మీద సంతకం పెట్టే పని పెరిగిన మనిషి. ముప్పయ్యేళ్ల సర్వీసులో నా పర్యవేక్షణలో విప్పి బిగించిన ఇంజన్లన్నీ డీజిలువే. డిపో జీపు ఒక్కటే కొన్నాళ్లు పెట్రోలుది ఉండేది. జీపును వేలం వేశాక, దాని కోసం కొన్న కంప్రెషన్ గేజ్ ఏ పద్దులో చూపాలో తెలియక నా బీరువాలోనే ఉండిపోయింది. ఆదివారం పొద్దున్న దాన్ని సంచిలో వేసుకుని స్కూటరు మీద బయల్దేరాను.

రైతు పేరు వీర్రాజు గారు. చెరువు గట్టు పక్కనే ఇల్లు, ఇంటిని ఆనుకుని మేత షెడ్డు. షెడ్డులో ఒక పక్క తవుడు, వేరుశెనగ చెక్క బస్తాలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. రెండో పక్క దుప్పటి కప్పిన కారు ఉంది. డ్రైవరు దుప్పటి తీశాడు. ఎర్రటి కారు, రెండే తలుపులు, నేలకూ దానికీ మధ్య జానెడు ఎత్తు కూడా లేదు. చెన్నైలో చేపల ఎగుమతి వ్యాపారి ఒకాయన దగ్గర చూసి ముచ్చటపడి కొన్నానని వీర్రాజు గారు చెప్పారు. ఆ కారులో చెరువు గట్టెక్కడం కుదరదు, వాన పడితే ఊళ్లోకి రావడమూ కుదరదు. ఎందుకు కొన్నారని నేను అడగలేదు. ముచ్చటపడ్డ వాళ్లను ఆ ప్రశ్న అడగడం మర్యాద కాదు.

డ్రైవరు పేరు మస్తాన్. యాభై దాటిన మనిషి. ఏలూరులో తమ్మిలేరు పక్కన ఇల్లు, రోజూ బస్సులో వచ్చి వెళ్తాడు. ఇరవై ఏళ్లుగా వీర్రాజు గారి దగ్గరే పని. దుప్పటిని నాలుగు మడతలు పెట్టి, బస్తా మీద ఉంచి, పక్కన నిలబడ్డాడు.

బానెట్ ఎత్తగానే నాకు మొదట అర్థమైన సంగతి, నాకేమీ అర్థం కావడం లేదని. కాసేపటికి పోల్చుకున్నాను. అది రోటరీ ఇంజను. డిప్లొమా చదివేటప్పుడు పరీక్షలో దాని బొమ్మ వేశాను. అంతటితో దానికీ నాకూ సంబంధం తీరిపోయిందనుకున్నాను.

మామూలు ఇంజనులో పిస్టను సిలిండరు లోపల పైకీ కిందికీ ఆడుతుంది. రోటరీలో పిస్టన్లు లేవు. నడుము దగ్గర కాస్త నొక్కినట్టుండే గుండ్రటి గూటిలో, పక్కలు ఉబ్బిన సమోసా లాంటి మూడు మూలల ఇనుప దిమ్మ తిరుగుతుంటుంది. దాన్ని రోటార్ అంటారు. దాని మూలలకూ అంచులకూ సన్నటి లోహపు పట్టీలు ఉంటాయి. వాటిని సీళ్లంటారు. రోటార్‌కూ గూటి గోడకూ మధ్య మూడు గదులు ఏర్పడతాయి. సీళ్లు గోడను గట్టిగా పట్టుకుంటేనే ఆ గదుల్లో గాలి నొక్కుకుంటుంది. ఆ నొక్కుడే కంప్రెషన్. అది లేకపోతే పెట్రోలు మండదు, బండి కదలదు. ఈ కారులో రోటార్లు రెండు, కాబట్టి గదులు ఆరు.

కంప్రెషన్ చూడటం మాకు మంచినీళ్ల ప్రాయం. స్పార్క్ ప్లగ్ విప్పి, ఆ రంధ్రంలో గేజ్ బిగించి, స్టార్టర్ తిప్పితే ముల్లు లేచి ఒక అంకె దగ్గర ఆగుతుంది. మస్తాన్‌ను తాళం తిప్పమన్నాను. జీపుకైతే ముల్లు నూట ఇరవై దాటేది. ఇక్కడ అరవై దగ్గర ఆగింది. రెండో రోటార్‌కు బిగించి చూస్తే అక్కడా అరవయ్యే. విప్పిన ప్లగ్గులు పెట్రోలుతో తడిసి ఉన్నాయి. ఆయిల్ చూసే పుల్ల తీస్తే, ఆయిల్ కింది గుర్తుకు ఇంకా కిందనే ఉంది.

అన్నీ ఒకే కథ చెబుతున్నట్టు నాకు కనిపించింది. ఆయిల్ తగ్గింది, సీళ్లు అరిగాయి, కంప్రెషన్ పోయింది, మండని పెట్రోలు ప్లగ్గుల మీద నిలిచింది. చేతులు తుడుచుకుని ఇంజను పోయిందని చెప్పాను. ఎందుకు పోయిందని వీర్రాజు గారు అడిగారు. బస్సు దారిలో ఆగిపోతే ఫోర్‌మన్ రాసే రిపోర్టులో ఈ ప్రశ్నకు ఒక గడి ఉంటుంది. ఆయిల్ గుర్తుకు కింద కనిపిస్తే ఆ గడిలో ఏం రాయాలో మాకు ఆలోచించే పని ఉండదు.

"ఆయిల్ చూసుకోలేదండి," అన్నాను.

ఎవరు చూసుకోలేదో నేను చెప్పలేదు. చెప్పే అవసరమూ లేదు. షెడ్డులో ఉన్న డ్రైవరు ఒక్కడే.

"రోజూ చూస్తానండి నేను," అన్నాడు మస్తాన్. "తగ్గినప్పుడల్లా పోస్తానే ఉన్నానండి. అదిగోండి డబ్బాలు." గోడ వారగా ఖాళీ ఆయిల్ డబ్బాలు వరసగా ఉన్నాయి. మళ్లీ పోయాల్సిన డబ్బా కోసం నాలుగు రోజులుగా అడుగుతున్నానని కూడా అన్నాడు.

వీర్రాజు గారు ఆ డబ్బాల వైపు చూశారు. "ఇంత ఆయిలు తాగేస్తంటే నాకు చెప్పవా మస్తానూ?"

"చెప్పానండి. ఆ రోజు చెరువులో చేపలు పడతన్నారండి మీరు. తర్వాత చూద్దాంలే అన్నారండి."

మా వృత్తిలో ఇలాంటి సమాధానాలు చాలా విన్నాను. డబ్బాలు అన్ని ఉండటం కూడా నాకు అతని మీదే అనుమానం పెంచింది. అంత ఆయిల్ తాగే ఇంజనును ఇన్నాళ్లు నడిపాడంటే అశ్రద్ధ కాక మరేమిటనుకున్నాను. వీర్రాజు గారు ఇరవై ఏళ్లు నమ్మానని, ఇక పనిలోకి రావద్దని, తాళాల కోసం చెయ్యి చాచారు. మస్తాన్ తాళాలు ఆయన చేతిలో పెట్టలేదు. మడత పెట్టిన దుప్పటి మీద పెట్టాడు. ఏలూరు దాకా స్కూటరు మీద దింపుతానని నేను అన్నాను. బస్సుందండి అన్నాడు. అది మా డిపో బస్సే. గంటన్నరకు ఒకటి.

అతను వెళ్లాక వీర్రాజు గారు, తాడేపల్లిగూడెంలో ఒక మెకానిక్కు ఈ ఇంజను దింపేసి డీజిలు వ్యాను ఇంజను బిగిస్తానంటున్నాడని, రేపు కాక పై సోమవారం రమ్మంటానని చెప్పారు. అలా బిగిస్తే మళ్లీ పాతది పెట్టడం అయ్యే పని కాదు. అయినా నేను మంచి ఆలోచనే అన్నాను.

బుధవారం డిపోలో ఒక మెకానిక్కు వచ్చి, ఒక బస్సు ఇంజనుకు ఆరు సిలిండర్లలోనూ కంప్రెషన్ తక్కువగా, అన్నిట్లోనూ ఒకేలా ఉందని, ఇంజను విప్పాలని చెప్పాడు. నేను విసుక్కున్నాను. ఆరు సిలిండర్లు ఒకే రోజు, ఒకే కొలతకు ఎలా అరుగుతాయయ్యా, అరుగుదల ఎప్పుడూ ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ ఉంటుంది, ముందు బ్యాటరీ చూడు, తర్వాత గేజ్ చూడు అన్నాను. అతను బ్యాటరీ మార్చి చూశాడు. కంప్రెషన్ సరిగ్గానే ఉంది. వెళ్లిపోయాడు. నేను మాత్రం అక్కడే నిలబడిపోయాను. ఆ కారులో రెండు రోటార్ల దగ్గరా ముల్లు అరవై దగ్గరే ఆగింది.

ఆ సాయంత్రం ఇంట్లో కూర్చుని, ఆ ఇంజను మాన్యువల్ ఫోన్లో వెతికి చదివాను. చదువుతున్న కొద్దీ చెమటలు పట్టాయి. మే నెల కాబట్టి ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు.

మొదటి సంగతి గేజ్ గురించి. మామూలు గేజ్‌లో, టైరు ట్యూబు వాల్వులో ఉండే పిన్ను లాంటిది ఒకటి ఉంటుంది. లోపలికి వచ్చిన గాలిని అది వెనక్కి పోనివ్వదు. సిలిండరుకు ఒక రంధ్రం ఉన్నచోట దానితో ఇబ్బంది లేదు. రోటరీలో మూడు గదులూ ఒకే రంధ్రం ముందు నుంచి వంతులవారీగా పోతాయి. పిన్ను ఉంటే ముల్లు మూడింట్లో పెద్దదాని దగ్గర ఆగిపోతుంది, మిగతా రెండింటి సంగతి తెలియనే తెలియదు. రెండోది, పరీక్షకు ముందు పెట్రోలు పంపును ఆపాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంచాలి. లేకపోతే లోపలికి గాలి చాలదు. డీజిలు ఇంజనులో గాలికి అడ్డం ఉండదు కాబట్టి ముప్పయ్యేళ్లలో నాకు పెడల్ తొక్కించే అలవాటే రాలేదు. ఇక్కడ పెడల్ తొక్కించలేదు, పెట్రోలూ ఆపలేదు. అప్పటికే తడిసిన ఇంజనులోకి ఇంకాస్త పెట్రోలు పోయించి వచ్చానన్నమాట.

ఆ తర్వాతది ఆయిల్. సీళ్లు ఎండిపోకుండా ఒక చిన్న పంపు వాటి మీదకు ఆయిల్ పంపుతూనే ఉంటుంది, అది పెట్రోలుతో పాటు మండిపోతుంది. రోటరీ ఇంజను ఆయిల్ తాగడం జబ్బు కాదు, దాని నడకే అంత. గోడ వారన ఉన్న డబ్బాలు, మస్తాన్ తన పని తాను చేశాడనడానికి సాక్ష్యం. నేను వాటిని చూసి తలకిందులుగా అర్థం చేసుకున్నాను.

చివరిగా ఇంకొకటి ఉంది. చల్లటి ఇంజనును స్టార్టు చేసి, వేడెక్కకుండానే ఆపేస్తే, మండని పెట్రోలు గోడల మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది. పొర పోతే సీళ్లకు పట్టు పోతుంది, కంప్రెషన్ పడిపోతుంది. ఇంజను చచ్చినట్టే కనిపిస్తుంది, చచ్చి ఉండదు. మరి ఆ కారు ఎలా ఆగింది? ఆ ప్రశ్న నేను ఎవరినీ అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది. నాకు సిగ్గేసింది. సోమవారం ఇంజను దింపేస్తారు కాబట్టి భయం కూడా వేసింది.

వీర్రాజు గారికి ఫోన్ చేసి ఇంకోసారి చూడాలన్నాను. "చచ్చినదాన్ని ఎన్నిసార్లు చూస్తారండీ?" అన్నారు. ఆదివారం దాకా ఇంజను మీద చెయ్యి వేయనివ్వవద్దని బతిమాలాను.

ఆదివారం పొద్దున్నే మస్తాన్ ఇంటికి వెళ్లాను. కుర్చీ వేసి, టీ ఇప్పించాడు. ఏ రోజు, ఎలా ఆగిందో చెప్పమన్నాను. అతను చెప్పింది ఇది. షెడ్డు వాకిలికి కారు అడ్డం. తెల్లవారగానే మేత బస్తాలు చెరువులకు వెళ్లాలంటే ముందు కారు బయటికి తీయాలి. బస్తాలు ట్రాక్టరులోకి ఎక్కాక మళ్లీ లోపల పెట్టాలి, ఎండకు రంగు పోతుందని. ఇదివరకు ఆదివారాలు వీర్రాజు గారిని ఎక్కించుకుని ఏలూరు వెళ్లి వచ్చేవాడు. రెండు నెలల కిందట రోడ్డు తవ్వి వదిలేశారు. అప్పటి నుంచి ఆ కారు తిరిగింది షెడ్డుకూ వాకిలికీ మధ్యనే.

"ఇరవై అడుగులండి. బయటికోసారి, లోపలికోసారి," అన్నాడు. "కదలడం, ఇంజను కట్టెయ్యడం. కాసేపు ఉంచుదామంటే పెట్రోలు దండగ అంటారండి వీర్రాజు గారు. ఆ రోజు బయటికొచ్చింది గానండి, లోపలికి తిప్పితే పలకలేదు. నలుగురం కలిసి తోసి లోపల పెట్టామండి."

నాతో వచ్చి తాళం తిప్పమని అడిగాను.

"మీరోసారి చెప్పేశారు కదండీ."

"తప్పు చెప్పానండీ మస్తాన్ గారూ."

"ఆ మాట నాకు కాదండి, అక్కడ చెప్పాలండి," అని లేచి చొక్కా వేసుకున్నాడు.

రెండో పరీక్ష మాన్యువల్ ప్రకారం చేశాను. ట్రాక్టరు బ్యాటరీని రాత్రంతా చార్జింగు పెట్టించమని ముందే చెప్పి ఉంచాను, దాన్ని తెచ్చి తగిలించాను. పెట్రోలు పంపు ఫ్యూజు పీకేశాను. నిప్పురవ్వ రాకుండా కాయిళ్ల తీగలు విడదీశాను. చుట్టూ చేరినవాళ్లలో ఇద్దరి చేత బీడీలు పారేయించాను. ప్లగ్గులన్నీ విప్పి, పెడల్ పూర్తిగా తొక్కి తాళం తిప్పమంటే, రంధ్రాల్లోంచి పెట్రోలు తుంపర్లుగా బయటికి చిమ్మింది. అప్పటిదాకా చేతులు కట్టుకుని నిలబడ్డ వీర్రాజు గారు చేతులు విప్పారు.

గేజ్‌లోంచి పిన్ను తీసేసి బిగించాను. ఇప్పుడు ముల్లు ఎక్కడా ఆగదు, ఒక్కో గది రంధ్రం ముందుకు వచ్చినప్పుడల్లా లేచి పడుతుంది. ఎంత ఎత్తు లేచిందన్నది తర్వాతి మాట. మూడు సార్లూ సమానంగా లేస్తోందా అన్నది ముందు చూడాలి. మూల దగ్గర సీలు విరిగితే దాని రెండు పక్కల గదుల్లోనూ నొక్కుడు తగ్గుతుంది కాబట్టి, ఒక ఎగురు పెద్దది, రెండు చిన్నవి కనిపిస్తాయి. చూపు చాలనివాళ్లు చెవితో కూడా పట్టవచ్చు. గేజ్ తీసేసి వింటే ప్రతి గదికీ రంధ్రంలోంచి ఫుస్సుమని ఒక ఊపిరి వస్తుంది. నేను ముల్లు చూస్తూ లెక్కపెట్టుకుంటున్నాను. నాకంటే ముందే, ఇంజను చప్పుడు విని సీట్లోంచి మస్తాన్ అన్నాడు.

"సమానంగానే ఉందండి. నీరసంగా ఉంది గాని, సమానంగా ఉంది."

రెండో రోటార్ కూడా అంతే. ఆరు గదులూ ఒకే నీరసం.

తర్వాత ఒక్కో రోటార్‌లోకి కొంచెం ఇంజను ఆయిల్ పోయాలి. కొలతకు చెంచా అడిగితే, వీర్రాజు గారి భార్య అన్నపూర్ణ గారు తెచ్చి ఇస్తూ, ఇక ఇది వంటింట్లోకి రానక్కర్లేదండి అన్నారు. ఆయిల్ పోసి, ఇంజనును చేత్తో నాలుగు చుట్లు తిప్పాం. ప్లగ్గులు తుడిచి, రేకు మీద ఎండలో ఆరబెట్టాం. మే నెల ఎండ ఉపయోగపడిన సందర్భం నా సర్వీసులో అదొక్కటే. మళ్లీ గేజ్ పెడితే ముల్లు బాగా లేచింది. అయితే అంతటితో సంబరపడకూడదు. ఆయిల్ పోస్తే అరిగిన సీళ్లు కూడా కాసేపు పట్టు చూపిస్తాయి. ఇంజను నడిచి, ఆ ఆయిల్ మండిపోయాక, వేడి మీద చూసినదే అసలు పరీక్ష.

అన్నీ బిగించాం. మస్తాన్ పెడల్ తొక్కి తాళం తిప్పాడు. రెండుసార్లు దగ్గి, మూడోసారి అందుకుంది. వెనక గొట్టంలోంచి వచ్చిన తెల్లటి పొగ షెడ్డును కప్పేసి చెరువు మీదకు వెళ్లింది. మేత తగలబడిందనుకుని పక్క చెరువు వాళ్లు బిందెలతో పరిగెత్తుకొచ్చారు.

పొగ తగ్గాక, వచ్చినవాళ్లు ఇంకా అక్కడే ఉండగా, చెప్పాల్సింది చెప్పాను. పోయిన ఆదివారం నేను చెప్పింది తప్పని, మస్తాన్ గారు ఆయిల్ సరిగ్గానే పోశారని, పూర్తి పరీక్ష చేయకుండా, ఆయన్ను ఒక్క మాట అడగకుండా తీర్పు చెప్పానని అన్నాను. నా ఉద్యోగంలో అలాంటి మాట బయటికి అనడం అదే మొదలు.

"అయితే ఎందుకు ఆగిందండి మరి?" అన్నారు వీర్రాజు గారు.

ఇరవై అడుగుల సంగతి చెప్పాను. స్టార్టు చేస్తే వేడెక్కేదాకా ఆపకూడదన్నాను. ఆయన మస్తాన్ వైపు తిరిగారు. మస్తాన్ నేల వైపు చూస్తున్నాడు. అన్నపూర్ణ గారే అన్నారు.

"ఏవండీ, కట్టెయ్యమంది మీరే కదండీ."

వీర్రాజు గారు చెరువులో నీళ్లు ఎంత ఉన్నాయో చూడటం మొదలుపెట్టారు.

వేడి పరీక్షకు కారును దూరం తిప్పాలి. మస్తాన్, నేను కూర్చుని, తవ్విన రోడ్డు మీద నత్తనడకన హైవే చేరి, నల్లజర్ల దాకా వెళ్లి వచ్చాం. హైవే మీద ఇంజను గొంతు విప్పింది. మస్తాన్ మొహం విప్పారింది. నాకూ సంతోషంగా ఉంది. షెడ్డుకు తిరిగి రాగానే, వేడి మీదనే ప్లగ్గులు విప్పి, పిన్ను లేని గేజ్ పెట్టాను. ముల్లు ప్రతిసారీ వంద దగ్గరకు లేచింది, రోటరీకి అది చాలు. ఆరు గదులూ సమానం. వీర్రాజు గారు అక్కడికక్కడే తాడేపల్లిగూడెం ఫోన్ చేసి రావద్దని చెప్పారు.

తర్వాత మస్తాన్ భుజం మీద చెయ్యి వేశారు. "రేపట్నించి వచ్చెయ్ మస్తానూ."

మస్తాన్ తాళాలు ఆయన చేతిలో పెట్టాడు. "కుదరదండి. స్కూలు వ్యాను ఒప్పుకున్నానండి. ఏమీ అనుకోకండి."

స్కూళ్లు తెరవడానికి ఇంకా నెల పైన ఉంది. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు.

ఈ ఉదంతంలో నేను నేర్చుకున్నది ఇంత. గేజ్ ఒత్తిడి ఎంత ఉందో చెబుతుంది, ఎందుకు తగ్గిందో చెప్పదు. రోటరీ ఇంజనుకు పెట్రోలు ఆపి, పెడల్ తొక్కి, పిన్ను తీసి, మూడు గదులూ విడివిడిగా చూడాలి, వేడి మీద మళ్లీ చూడాలి. బానెట్ ఎత్తక ముందే ఆ బండి నడిపిన మనిషిని కూర్చోబెట్టి, ఆ రోజు ఏం జరిగిందో అడగాలి. మిగిలిన ఏడాదిన్నర సర్వీసులో నేను అలాగే అడిగాను. అంతకు ముందు ముప్పయ్యేళ్లలో అడగకుండా ఎందరు డ్రైవర్ల మీద రిపోర్టు రాశానో నాకు తెలియదు.